నూకుడు బండి

నాకు సిగ్గు చెవుల్లో పుడుతుంది. కొందరికి ముఖం కందుతుంది, కొందరికి నోట మాట రాదు. నాకు మాత్రం ముందు రెండు చెవులూ వేడెక్కుతాయి, ఆ తర్వాతే నేను సిగ్గుపడుతున్నట్టు నాకు తెలుస్తుంది. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, మనవలను ఎత్తుకున్నదాన్ని, ఇక ఆ చెవులకు పని ఉండదనుకున్నాను. మొన్న ఎండలు తగ్గుతున్న రోజుల్లో, నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డులో మా నాన్న కారు ముందు నిలబడి ఉండగా అవి మళ్లీ భగ్గుమన్నాయి. ఆ సంగతి రాయొచ్చా అని తర్వాత అమ్మను అడిగాను. "రాసుకోవే. ఇంకా నవ్వేవాళ్లెవరు మిగిలారు?" అంది. నాన్న విషయంలో అమ్మను అడగకుండా నేనేదీ రాయను. ఆయన పోయి ఎంత కాలమైనా ఆయన మీద హక్కులన్నీ ఇప్పటికీ ఆవిడవే.

నాచారంలో మా పాత ఇల్లు అపార్టుమెంటు కట్టేవాళ్లకు ఇచ్చేశాం. ఇల్లు ఖాళీ చేయడం తేలికే అయింది కానీ, పెరట్లో రేకుల కింద నిలబెట్టి ఉన్న కారును ఏం చేయాలన్నది తేలలేదు. ఇంగ్లండులో తయారైన బండి అది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముందు భాగం పొడుగ్గా, వెనక భాగం పొట్టిగా, నేలకు ఆనుకుని కూర్చున్నట్టు ఉంటుంది. పాత ఇనుము కింద ఇచ్చేద్దామని తమ్ముడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ బండి మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒక్క రోజు కూడా తనంతట తాను కదల్లేదు. అందుకని మా వీధి పిల్లలు దానికి నూకుడు బండి అని పేరు పెట్టారు. నూకడమంటే తొయ్యడం. తెనాలి దగ్గర నుంచి వచ్చిన మా ఇంట్లో ఆ మాట లేదు. నేను దాన్ని మొదట నేర్చుకున్నది ఆ పేరులోనే.

నా పట్టుదల ఒక్కటే. ఈ దసరాకు ఆ బండి తన ఇంజన్‌తో తాను నడిచి నిమ్మకాయలు తొక్కాలి. అమ్మ చూస్తుండగా, ఒకప్పుడు దాన్ని నూకినవాళ్లు చూస్తుండగా తొక్కాలి. నాకు ఆగే బుద్ధి లేదు కదా, బండి ఇంకా షెడ్డుకు చేరకముందే పాత వీధివాళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పేశాను. ఒకప్పుడు మా పక్కింట్లో ఉండి, ఇప్పుడు చర్లపల్లిలో కొడుకు దగ్గర ఉంటున్న నర్సింహ మామకు కూడా చెప్పాను. "మంచిది బిడ్డా, వస్త" అన్నాడు. ఆ గొంతులో నాకు పాత వెక్కిరింత వినిపించింది. చూద్దువుగానిలే మామా అని మనసులో అనుకున్నాను.

బండిని బాగుచేయడానికి తీసుకున్న అమ్మాయి పేరు శ్రావణి. మల్కాజిగిరి పిల్ల. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, పాత కార్లను అవి ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన నాడు ఎలా ఉన్నాయో అలా చేసి ఇచ్చే పని పెట్టుకుంది. మోచేతుల దాకా గ్రీజు, చెవులకు మాత్రం బంగారు జూకాలు. బండిని మా పెరట్లోంచి తీసుకెళ్లిన రోజు ఒక చిన్న విషయం జరిగింది. ఆమె మనుషులు ఇద్దరు అలా చేయి వేశారో లేదో బండి జర్రున కదిలింది. శ్రావణి లోపలికి వంగి చూసి, "అదేంటి ఆంటీ, గేర్‌లోనే ఉందిగా. ఇంజన్ ఉన్న బండి గేర్‌లో ఉంటే ఎంత తోసినా కదలదు, ఇంజన్ పట్టేసుకుంటుంది. గేర్‌బాక్స్ పోయిందేమో, చూస్తాలే" అంది. నేను పట్టించుకోలేదు. గేర్ల సంగతి నాకేం తెలుసు. చిన్నప్పుడు ప్రతి దసరాకూ ఆ స్టీరింగు ముందు కూర్చున్నది నేనే అయినా, కాళ్ల దగ్గరి పెడల్స్‌నీ పక్కనున్న కడ్డీనీ ముట్టుకోవద్దని నాన్న ఆజ్ఞ.

నాన్న నాచారంలో ఒక యంత్రాల ఫ్యాక్టరీలో ఫిట్టరు. వీధిలో ఫిట్టర్ సారు అనేవారు. మా వీధంతా ఫ్యాక్టరీల మీద బతికే వీధి. పొద్దున సైరన్ మోగితే పాలు పొంగే వేళ అని ఆడవాళ్లకు తెలిసేది. గాలి ఎటు తిరిగితే ఆ వాసన: ఒక పూట మసాలా కంపెనీ నుంచి వేయించిన ధనియాల వాసన, ఒక పూట సబ్బు వాసన, వాన పడితే చెరువు వాసన. పంపు బాగుచేయడానికి తార్నాక వైపు ఒక బంగళాకు వెళ్లిన నాన్న, అక్కడ గ్యారేజీలో ఈ బండిని చూసి మనసు పారేసుకున్నాడు. ఇంటివాళ్లు ఊరొదిలి వెళ్లిపోతూ ఉన్నవన్నీ వదిలించుకుంటున్నారు. ఎర్ర తోలు సీట్ల గురించి, గుండ్రటి మీటర్ల గురించి రాత్రి అన్నం తింటూ చెబుతుంటే, అన్నం కలిపిన చెయ్యి అలాగే ఎండిపోయింది. చుట్టుపక్కల మూడు వీధుల్లో స్కూటరు కూడా లేని రోజులు. అమ్మ పంచాంగం తీసి చూసి, రోజు మంచిదేనంది.

తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మా పక్కింటి నర్సింహ మామ లారీకి కట్టి లాక్కొచ్చారు. ఆయన భువనగిరి వైపు మనిషి, లారీ నడిపేవాడు, దాన్ని తానే విప్పి తానే బిగించుకునేవాడు. వెనక కారులో స్టీరింగు పట్టుకుని నాన్న ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. అమ్మ హారతి పళ్లెంతో గేటు దగ్గర నిలబడి, వర్జ్యం వచ్చేస్తోంది రండి రండి అని తొందరపెడుతోంది. వీధంతా మూగింది. "ఇంజన్ మంచిగుందా సారూ?" అని మామ అడిగితే, "మంచిగుండటమేంటి నర్సింహా! ముట్టుకుంటే చాలు, గుర్రం. దసరాకు నేనే నడుపుకుంటూ నిమ్మకాయలు తొక్కిస్తా, చూడు" అన్నాడు నాన్న. ఆ మాట అనేటప్పుడు ఆయన అంత ఎత్తుగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు. మర్నాటికి మాట కొంచెం మారింది. ఒక్క సామాను తక్కువైందట, అది ఇక్కడ దొరకదట, ఇంగ్లండు నుంచి రావాలట.

అప్పటి నుంచి మా ఇంట్లో ఆదివారాలు బండివే. కాఫీ తాగి, పాత ఖాకీ నిక్కరు వేసుకుని నాన్న పెరట్లోకి వెళ్లేవాడు. గుడ్డకు తెల్లటి పాలిష్ రాసి బంపర్లను, దీపాల చుట్టూ ఉన్న పట్టీలను రుద్దేవాడు. తోలు సీట్లకు కొబ్బరినూనె పట్టించేవాడు. వైర్లన్నీ విప్పి, రంగుల వారీగా దండెం మీద ఆరేసి మళ్లీ బిగించేవాడు. అమ్మ తలకు పోసుకుని వచ్చి, తన చీర ఆరేయడానికి చోటు లేదని గొణిగేది. పెడల్స్, ఆ కడ్డీ కాక ఇంకేది ముట్టుకున్నా మమ్మల్ని ఏమీ అనేవాడు కాదు, ముందున్న బానెట్ ఎత్తినప్పుడు తప్ప. "పిల్లలూ, లోపలికెళ్లండి, ఇక్కడ నూనె చిమ్ముతుంది" అనేవాడు. మధ్యాహ్నం అయ్యేసరికి రంపపు పొట్టూ కిరోసినూ కలిపి చేతులు రుద్దుకునేవాడు. ఆ వాసన ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. ఆదివారం పప్పన్నంలో కూడా నాకు ఆ వాసనే తగిలేది. ఇప్పటికీ ఎక్కడైనా కిరోసిన్ వాసన వస్తే నాకు ముద్దపప్పు గుర్తొస్తుంది.

నర్సింహ మామ ఊరుకునేవాడు కాదు. ఒకసారి పిట్టగోడ మీద నుంచి వంగి, "సారూ, గా ఇంజన్ తీసి పక్కకు పెట్టుండ్రి. నాకాడ జీపు ఇంజన్ ఉన్నది, గది కూసోబెడత. లేడి లెక్క ఉరుకుతది" అన్నాడు. నాన్న ముఖం చిట్లించుకుని, "ఒరిజినల్ కాకపోతే ఈ బండి ఎందుకయ్యా" అన్నాడు. ఒరిజినల్ అనే మాట మా ఇంట్లో అలా కాపురం పెట్టింది. తమ్ముడు అన్నానికి మారాం చేస్తే ఒరిజినల్ నెయ్యి కావాలా నాయనా అనేది అమ్మ. నాకు పెళ్లిచూపులు జరిగిన రోజు కూడా, అబ్బాయి ఒరిజినలేనా అని అమ్మ వంటింట్లో పిన్ని చెవిలో అంది. నాన్నకు వినపడింది. నవ్వలేదు.

ఇక దసరా. ఆయుధపూజ నాడు మా వీధిలో సైకిళ్లు, రిక్షాలు, కుట్టుమిషన్లు, నర్సింహ మామ లారీ అన్నీ కడుక్కుని బంతిపూలు వేసుకుని నిలబడేవి. పూజైన ప్రతి బండీ చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలను తొక్కుకుంటూ ముందుకు పోవాలి. అది పోవాలంటే నడవాలి కదా. మాది నడవదు. అయినా నాన్న పూజ మానడు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, గుమ్మడికాయ అన్నీ పద్ధతిగా చేసి, నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తాను వెనక్కి వెళ్లి నిలబడేవాడు. నర్సింహ మామ, వీధిలోని మగవాళ్లు ఇంకో నలుగురు వచ్చి చేతులు వేసేవారు. అప్పుడు నర్సింహ మామ, వీధి వీధంతా వినేటట్టు, ప్రతి ఏడూ ఒకే మాట అడిగేవాడు.

"ఏం సారూ, ఇంగ్లండుకెల్లి సామాను ఇంకా రాలే?"

"ఇంకా రాలేదు నర్సింహా."

"ఒరిజినలాయె మరి. లేటయితది."

అందరూ నవ్వేవారు. "నూకుండ్రి, నూకుండ్రి" అని కేకలు. కొత్త ఓణీ వేసుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, కప్పు లేని ఆ బండిలో అందరికీ కనపడేటట్టు నేను. ఊరేగింపులో దేవత కూర్చున్నట్టు కూర్చోబెట్టి, చుట్టూ నవ్వు. చక్రాల కింద నిమ్మకాయలు టప్పుమని పగిలేవి. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. నా చెవులు కాలిపోయేవి. ఒక దసరాకు ఉప్పల్ నుంచి నా క్లాసు అమ్మాయి వాళ్ల నాన్న స్కూటరు మీద ఆ దారిన పోతూ ఆగి, మొత్తం చూసింది. సెలవుల తర్వాత బడిలో అది నన్నేమీ అనలేదు. అనకపోవడం ఇంకా బాధ అనిపించింది. నాన్న మీద నాకు కోపం రాలేదు, నిజంగా రాలేదు. కోపమంతా నర్సింహ మామ మీదే. పండగ పూట, పదిమందిలో, జవాబు తెలిసీ ఆ ప్రశ్న అడుగుతాడే, ఈ మనిషికి ఇంత కూడా మర్యాద లేదా అని. ఆయన జమ్మి ఆకు చేతిలో పెట్టి తల మీద చెయ్యి వేయబోతే తల పక్కకు తిప్పేసేదాన్ని.

ఇక ఆ షెడ్డుకు వస్తాను. ఇంజన్ విప్పుతున్నాం రమ్మని శ్రావణి ఫోన్ చేస్తే, ఇప్పుడు మేముంటున్న ఉప్పల్ నుంచి ఆటో ఎక్కి వెళ్లాను. లోపల వెల్డింగు వాసన, వేడి రేకుల వాసన. మా నాన్న ఇన్నేళ్లు ఎదురుచూసిన ఆ ఒక్క సామాను ఏదో ఇవాళ తెలుస్తుందని నాకు ఉత్సాహంగా ఉంది. ఇద్దరు కుర్రాళ్లు ఇంజన్ పైభాగం ఎత్తి పక్కన పెట్టారు. శ్రావణి లైటు వేసి లోపలికి చూసింది. తల ఎత్తింది. మళ్లీ చూసింది. ఆ కుర్రాళ్లలో ఒకడు ఫక్కుమన్నాడు. "అందర్ కుచ్ నై హై మేడమ్, ఖాళీ డబ్బా!" అన్నాడు.

లోపల ఏమీ లేదు. పిస్టన్లు లేవు, వాటిని పట్టుకునే కడ్డీలు లేవు, వాటితో తిరిగే ఇరుసు లేదు. బయట నుంచి చూస్తే ఇంజన్, లోపల చూస్తే ఖాళీ గిన్నె. మా నాన్న, యంత్రాల ఫ్యాక్టరీలో ఫిట్టరు, లోపల ఇంజనే లేని బండిని కొనుక్కొచ్చి బతుకంతా పాలిష్ చేశాడు. నా చెవులు అప్పుడు భగ్గుమన్నాయి. ఆ కుర్రాడి నవ్వు ఇంకా ఆగలేదు. ఆ నవ్వు ఆపడానికి నా నోట్లోంచి ఏం వచ్చిందో చెబుతాను. "మా అమ్మ పని అయి ఉంటుంది. పాత సామానులవాడు వస్తే చాలు, స్టీలు గిన్నెల కోసం చేతికందింది వేసేస్తుంది" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అంత చదువుకుని, అంతమందికి పాఠాలు చెప్పి, నాన్న పరువు కాపాడటానికి నాకు దొరికింది అమ్మ.

శ్రావణి నవ్వలేదు. ఆ ఖాళీలోకి వేలు పెట్టి, గోడల వెంట తిప్పి బయటికి తీసి చూపించింది. వేలి నిండా గ్రీజు. "తుప్పు చుక్క కూడా లేదాంటీ. పొర మీద పొర. ఎవరో చాలా కాలం రెగ్యులర్‌గా గ్రీజు పెట్టారు. లోపల ఏమీ లేదని తెలిసే పెట్టారు" అంది. పిల్లలూ లోపలికెళ్లండి, నూనె చిమ్ముతుంది. ఆదివారాలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. తాను మోసపోయానని చెప్పుకోలేక, దసరాకు నడుపుతానని వీధి మొత్తం ముందు అన్న మాట వెనక్కి తీసుకోలేక, ఆ మనిషి ఆ ఖాళీకి గ్రీజు పెడుతూ కూర్చున్నాడు. జీపు ఇంజన్ ఎందుకు వద్దన్నాడో అప్పుడు తెలిసింది. దాన్ని పెట్టాలంటే దీన్ని బయటికి తీయాలి.

ఇంటికొచ్చేసరికి అమ్మ బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆ బాల్కనీ నుంచి మెట్రో రైళ్లు కనపడతాయి. చూపు సరిగా ఆనకపోయినా వచ్చే రైలేదో పోయే రైలేదో చెబుతుంది.

"అమ్మా, కారు ఇంజన్లో ఏమీ లేదు" అన్నాను.

"ఊఁ" అంది. ఈనె తీయడం ఆపలేదు.

"నీకు తెలుసా?"

"నేనే తొందరపెట్టానే" అంది. "ఆయన అక్కడే విప్పి చూసుకుని తెస్తానన్నారు. ఫిట్టరు కదా, ఆయనకు తెలియదా. వర్జ్యం వచ్చేస్తోంది, ముందు గేటు దాటించండి, చూసుకోవడం ఇంటికొచ్చాక చూసుకుందురు అన్నాను. నా మాట విన్నారు. ఆ సాయంత్రం లాంతరు పట్టుకున్నది కూడా నేనే. విప్పారు. నేనూ చూశాను. నాకేం తెలుసు, తోమిన బిందె లోపల్లా నున్నగా ఉంది, బాగానే ఉంది కాబోలనుకున్నాను. ఆయన ముఖం చూశాక తెలిసింది. మూత వేసేసి, కాఫీ పెట్టు అన్నారు."

"నిన్నేమీ అనలేదా?"

"అంటే బాగుండేది. పోయేదాకా ఒక్క మాట అనలేదు" అంది అమ్మ. ఇంకో చిక్కుడుకాయ అందుకుని, "ఆ తర్వాత మళ్లీ నేను ఆయనకు పంచాంగం చూసి చెప్పలేదు, నువ్వు గమనించావో లేదో" అంది. నేను గమనించలేదు. నా పెళ్లి ముహూర్తం కూడా పిన్నే చూసిందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. షెడ్డులో ఆవిడ మీద నేను పెట్టిన నింద చెప్పకుండా ఉండలేకపోయాను. చెప్పాను. నన్ను తిడుతుందేమోనని చూశాను. "పోనీలే, ఆయన మీద కంటే నా మీదే నయం. అలాగే చెప్పు, ఎవరడిగినా" అని చిక్కుడుకాయల గిన్నె నా చేతిలో పెట్టింది. సిగ్గుతో నాకు ఆ గిన్నె కూడా బరువైంది.

ఆ ఖాళీ ఇంజన్ ఫొటో ఫోన్లో పెడితే ఎంత మంచి కథో తెలుసా ఆంటీ అంది శ్రావణి. ఆమెకు అందులో తప్పేమీ కనపడలేదు. ఇప్పుడు అన్నీ అలాగే కదా, విరిగినవి విరిగినట్టు, అతికినవి అతికినట్టు చూపించుకుంటారు. దాచుకోవలసిందేమీ లేనివాళ్లను చూస్తే నాకు అసూయ. మా రోజుల్లో ప్రతి ఇంటికీ లోపల ఏమీ లేని ఇంజన్ ఏదో ఒకటి ఉండేది, దాని మీద ఒక టార్పాలిన్ ఉండేది. వీధికి అవన్నీ తెలుసో తెలియదో ఎవరికి తెలుసు. ఇప్పుడు మేముండే అపార్టుమెంటులో ఎదురింటివాళ్ల పేర్లు నాకు తలుపు మీది బోర్డు చూస్తే గానీ గుర్తురావు. ఫొటో పెట్టవద్దని శ్రావణిని బతిమాలాను. ఒప్పుకుంది. ఆమె ఎవరెవరికో రాసి, వెతికించి, లోపలి సామానంతా తెప్పించింది. చెక్కపెట్టెలో వచ్చింది. ఎక్కడి నుంచో చెప్పనక్కరలేదు. ఇంగ్లండు నుంచే.

దసరా రోజు ఆ బండిని మా పాత వీధికి తెచ్చి నిలబెట్టాం. మా ఇల్లున్న చోట ఇనుప చువ్వలు లేచి ఉన్నాయి. వీధికి రెండు వైపులా కార్లు. పై రంగులన్నీ గీకాక అడుగున దొరికిన లేత పచ్చరంగే వేసింది శ్రావణి. ఎర్ర సీట్లు, మెరిసే పట్టీలు. నిజంగా అది ఫ్యాక్టరీ నుంచి అప్పుడే దిగినట్టుంది. వచ్చినవాళ్లు ఎక్కువమంది లేరు. ఉన్న నలుగురైదుగురు ముసలివాళ్లు, వాళ్లను తీసుకొచ్చిన పిల్లలు. నాకు మాత్రం ఒకటే దిగులు. ఏం సామాను తక్కువైంది అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? అమ్మ మీద పెట్టను. మరి నాన్న మీదనా? అమ్మ కుర్చీలో కూర్చుని నా వైపే చూస్తోంది. అంతలో నర్సింహ మామ ఆటో దిగాడు. నడుం వంగింది, చేతికర్ర వచ్చింది. గొంతు మాత్రం అదే.

"ఏం బిడ్డా, వచ్చిందా ఇంగ్లండుకెల్లి సామాను?" అన్నాడు, వీధంతా వినేటట్టు.

"వచ్చింది మామా."

"ఒరిజినలేనా?"

"ఒరిజినలే."

"గట్లుండాలె. సారు గట్లనే అంటుండె" అని అందరి వైపూ తిరిగి, "సూసిండ్రా, సారు సెప్పినట్టే అయింది" అన్నాడు. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికి ఏమీ మిగల్లేదు.

శ్రావణి పక్కన కూర్చుంటే, నెల రోజులుగా నేర్చుకున్న డ్రైవింగుతో నేనే నడిపాను. ఇంజన్ పులిలా గాండ్రించింది. బండి కదిలింది, నిమ్మకాయలు తొక్కింది. వాటి చప్పుడు నాకు వినపడలేదు, ఇంజన్ మోతలో కలిసిపోయింది. పిల్లలు ఫోన్లు పట్టుకుని కేకలు వేశారు. నేను కోరుకున్నది జరిగింది. తల తిప్పి వెనక్కి చూశాను. నర్సింహ మామ, పక్కన ఇంకో ఇద్దరు ముసలివాళ్లు, అలవాటు కొద్దీ బండి వెనక చేతులు వేయడానికి వచ్చినట్టున్నారు. బండి ముందుకు వెళ్లిపోయింది. చేతులు గాలిలో పెట్టుకుని నిలబడి ఉన్నారు. నా చెవులు వేడెక్కాయి. గభాల్న బ్రేకు తొక్కి, ఇంజన్ ఆపేసి దిగాను.

"ఇంకో నాలుగు నిమ్మకాయలు పెట్టవే. నూకకుండా దసరా ఏంటి?" అంది అమ్మ కుర్చీలోంచి. "నేను కూర్చుంటాను బండిలో. ఇన్నేళ్లలో నన్నెప్పుడూ కూర్చోబెట్టలేదు మీరు."

అందరూ నవ్వారు. అమ్మను ఎత్తి స్టీరింగు ముందు కూర్చోబెట్టాం. చీర కుచ్చిళ్లు సర్దుకుని, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది. శ్రావణి ముందు చక్రాల కింద నిమ్మకాయలు సర్దుతోంది. నేను మొదటిసారి బండి వెనక్కి వెళ్లి, నాన్న నిలబడే చోట, నర్సింహ మామ పక్కన చేతులు ఆనించాను. "నూకుండ్రి" అన్నారెవరో. నూకాం. బండి కదల్లేదు. మళ్లీ బలమంతా పెట్టి నూకాం. కదల్లేదు. ఒకప్పుడు చెయ్యి వేస్తే చాలు పరిగెత్తేది, ఇప్పుడు మనందరం ముసలివాళ్లమైపోయాం అనుకున్నాను. నర్సింహ మామ నా వైపు వంగి, ఇంకెవరికీ వినపడకుండా అన్నాడు.

"గేరు తియ్యమను బిడ్డా. అప్పటి లెక్క కాదు, ఇప్పుడు లోపట సామానున్నది."

అంటే ఆయనకు తెలుసు. గేర్లో ఉన్న బండి పువ్వులా కదిలినప్పుడే, మొదటి దసరాకే, చేతులు వేసిన ప్రతి మనిషికీ తెలుసు. లోపల ఏమీ లేదని తెలిసీ ప్రతి ఏడూ వచ్చి నూకారు. ఇంగ్లండు నుంచి సామాను రాలేదా అని ఆయన గట్టిగా అడిగింది నాన్నను వెక్కిరించడానికి కాదు. నాన్నకు చెప్పుకోవడానికి ఒక జవాబు ఉండాలని, అది వీధంతా వినాలని. ఆ మనిషి చెయ్యి తల మీద పడకుండా నేను తల తిప్పేసుకున్నాను. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గేరు తీయమని ముందున్న శ్రావణికి కేక వేశాను.

"మామా, నీకు మొదటి నుంచీ..."

"ముందుగాల నూకు బిడ్డా" అన్నాడు నర్సింహ మామ, బండి మీద నుంచి చేతులు తీయకుండానే. "అందరు సూస్తున్నరు."